సున్నం అంటని దుప్పటి

సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలు. తంపరపేట చర్చిలో వేదిక వెనక, బొమ్మ మాయమైన గోడ ముందు పద్మజ నిలబడి ఉంది. సాయంత్రం నాలుగింటికి వాళ్ళ నాన్న అబ్రహాంని అరెస్టు చేసి ఇరవై నాలుగు గంటలు అయిపోతుంది. ఈలోగా కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్ణించి జైలుకి. అసలు దొంగని పట్టుకోడానికి ఆరు గంటల టైము కూడా లేదు. ఆమె వయసు పదమూడేళ్ళు.

"మళ్ళీ మొదట్నించీ సదువు," అంది.

దేవేంద్ర లెక్కల నోటుబుక్కు ఆఖరి పేజీ తిప్పాడు. ఇద్దరిదీ ఎనిమిదో తరగతి, ఒకే సెక్షను. నిన్న సాయంత్రం పద్మజ ఏడుపు ఆపి ఆలోచించడం మొదలుపెట్టినప్పటినుంచీ అతను ఇంటికి అన్నానికి తప్ప వెళ్ళలేదు.

"గురువారం సాయంత్రం అయిదు. సున్నం పడకండా బొమ్మకి మీ నాన్న దుప్పటి కట్టాడు. శుక్రవారం పొద్దున్నించి సాయంత్రం దాకా రాముడు మావ గోడలకి సున్నం కొట్టాడు. శనివారం సాయంత్రం ఆరు, పాటల ప్రాక్టీసు. పద్నాలుగు మంది బొమ్మ ఉన్నాదని సెప్పినారు. ఏడున్నరకి తాళం. ఆదివారం పొద్దున ఆరుకి మీ నాన్న తాళం తీసి దుప్పటి లాగాడు. బొమ్మ లేదు."

"తాళం?"

"ఎవులూ బద్దలు కొట్టలేదు. తాళంచెవి ఒక్కటే. అది మీ నాన్న కాడే ఉన్నాది."

పోలీసుల లెక్క కూడా అంతే. శనివారం ఏడున్నరకీ ఆదివారం ఆరుకీ మధ్య బొమ్మ పోయింది. తలుపు పగలలేదు. కాబట్టి తాళంచెవి ఉన్నవాడే దొంగ.

డెబ్బయ్యేళ్ళుగా ఆ గోడ మీదే ఉన్న బొమ్మ అది. తుఫానులో పడవ, పడవలో భయంతో అరుస్తున్న శిష్యులు, లేచి నిలబడి గాలిమీదికి చెయ్యెత్తిన ప్రభువు. గీసింది పద్మజ నానమ్మ తండ్రి, పడవలు చేసే వడ్రంగి. భావనపాడు ఒడ్డుకి మనుషుల్లేకుండా కొట్టుకొచ్చిన పడవ చెక్కలు విప్పి, వాటిని కలిపి, ఆ చెక్కల మీదే గీశాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. శిష్యులకి పెట్టిన మొహాలు ఆ పడవలో పోయినవాళ్ళవి. వాళ్ళకి వేరే ఫొటోలు లేవు. ఆరాధన అయ్యాక ముసలమ్మలు వేదిక దగ్గరికొచ్చి, మనవళ్ళకి వేలు చాపి, "అడుగో మా అయ్య" అని చూపించి వెళ్ళేవారు. నిన్న వాళ్ళే అబ్రహాం ఇంటిముందు కూచుని మన్నెత్తిపోశారు.

అబ్రహాం ఆ చర్చికి కాపలాదారు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో తల్లి జ్ఞానసుందరి, తమ్ముడు స్టాన్లీ, కూతురు పద్మజ. జ్ఞానసుందరికి శుక్రవారమే శ్రీకాకుళంలో కంటి ఆపరేషన్ అయింది. వారం రోజులు కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడు. నిన్నటినుంచీ ఆమె దిండు అంచు పళ్ళతో కరుచుకుని పడుకుంటోంది. స్టాన్లీ నౌపడలో ఉప్పు యార్డులో లోడింగు చూస్తాడు. పొద్దున్న పిల్లలిద్దర్నీ బండిమీద తెచ్చి చర్చి దగ్గర దింపింది అతనే. "నాను మజ్జానం వకీలుని తీసుకొస్తాను, నువ్వు బెంగెట్టుకోకు పద్దూ," అని పనికి వెళ్ళిపోయాడు.

పద్మజని తినేస్తున్నది వేరే ఉంది. పద్నాలుగు మంది సాక్షుల్లో మొదటి సంతకం ఆమెదే. 'శనివారం ఆరింటికి బొమ్మ ఉందా పాపా?' అని ఎస్సై అడిగితే, 'ఉంది మేడం, నేను చూశాను,' అంది. నాన్న మీద కేసు కట్టడానికి ఆ మాటే చాలింది.

"బల్ల లాగు," అంది.

ఇద్దరూ హార్మోనియం పెట్టుకునే బల్లని గోడకి చేర్చారు. పద్మజ పైకెక్కింది. బొమ్మ ఉన్నచోట గోడ పాత రంగులోనే, పసుపు తిరిగి, బొమ్మంత మేర మిగిలిపోయింది. దాని చుట్టూ కొత్త సున్నం. పైన రెండు ఇనప కొక్కేలు. ఇది నిన్నటినుంచీ చూస్తున్నదే. అయితే కింద నిలబడి చూసింది. ఇప్పుడు కళ్ళెదుట ఉంది.

పసుపు గోడ మీద తెల్లటి చుక్కలు. ఒకటి కాదు, పదీ ఇరవై. కుంచె విదిలిస్తే పడేలాంటివి. రెండు మూడు చోట్ల చుక్కలు కిందికి కారి గీతలయ్యాయి కూడా.

"దేవా, ఇటెక్కు. ఇదేటో సూడు."

అతను ఎక్కి గోరుతో గీకాడు. "సున్నం. కొత్తదే."

"ఇక్కడికెలాగ వచ్చింది?"

"కుంచె లోంచి పడుంటాది."

"ఒరే, ఇక్కడ బొమ్మ ఉన్నాది. బొమ్మ మీద దుప్పటి ఉన్నాది. ఆ రెండిటి ఎనకాల గోడమీద సున్నం ఎలాగ పడతాది?"

దేవేంద్ర గోరులో ఇరుక్కున్న సున్నాన్ని మళ్ళీ చూసుకున్నాడు.

పద్మజ బల్ల దిగి ఒక్క పరుగున మూలకి వెళ్ళింది. నిన్న పోలీసులు చూసి పక్కన పడేసిన దుప్పటి బెంచీ కింద ఉండచుట్టుకుని ఉంది. తెచ్చి నేలమీద పరిచారు. నీలంరంగు దుప్పటి. సున్నం పడితే గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. ఇద్దరూ మోకాళ్ళమీద పాక్కుంటూ అంగుళం అంగుళం వెతికారు. రెండు మూలల్లో తుప్పు మరకలు ఉన్నాయి, కొక్కేలకి తగిలించినవి. సున్నం చుక్క ఒక్కటీ లేదు.

"సున్నం కొట్టిన రోజు ఇది గోడమీద లేదు," అంది పద్మజ. "బొమ్మా లేదు. శుక్రవారమే దించేసినారు. గోడ ఆరిపోయినాక ఉత్త దుప్పటి తగిలించినారు."

"మరి శనివారం మీరంతా సూసినారు గదేటి?"

పద్మజకి ఇప్పుడు గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం సున్నం వాసన పోవాలని కిటికీలన్నీ తీసి పెట్టారు. రెండో పాట మధ్యలో సముద్రపు గాలి ఒక్కసారి కొట్టింది. దుప్పటి మధ్యలో లోపలికి పోయి గోడకి అతుక్కుంది. ఆమె కళ్ళారా చూసింది. వెనక చెక్కలుంటే గుడ్డ లోపలికి పోదు. ఆ రోజు ఆ ఆలోచన రాలేదు. పాటలో గొంతు కలపడం మీదే ధ్యాస.

"నాను బొమ్మని సూడలేదురా," అంది నేలమీద కూలబడి. "దుప్పటిని సూసినాను. సూసి, మా నాన్నని లోపలేయించినాను."

*

పదకొండూ ఇరవైకి స్టేషన్లో ఎస్సై అనూరాధ బల్లమీద ఆ నీలం దుప్పటి పరిచి ఉంది. దేవేంద్ర వాళ్ళ అక్క ఫోనులో తీసిన గోడ ఫొటోలు ఆమె రెండుసార్లు పెద్దవి చేసి చూసింది.

"తెలివైన పిల్లలే," అంది. "కానీ ఒకటి చెప్పు. నిన్న చూశానన్నావు. ఇవాళ చూళ్ళేదంటున్నావు. నువ్వు నిందితుడి కూతురివి. జడ్జిగారు ఏ మాట నమ్ముతారు?"

"గోడని నమ్ముతారు మేడం."

ఎస్సై ఫోను పక్కన పెట్టింది. "బొమ్మ శుక్రవారం పోయిందనే అనుకుందాం. ఆ రోజు మీ నాన్న ఎక్కడ?"

"నానమ్మ ఆపరేషనుకి శ్రీకాకుళంలో. పొద్దున్న ఆరింటికి ఎల్లి రాత్రి ఎనిమిదికి వచ్చినారు. ఆస్పత్రి చీటీలు ఉన్నాయి. పాస్టరయ్య పార్వతీపురం మీటింగులో ఉన్నారు. నాను బడికెల్లాను."

"అయితే రాముడికి తలుపు తీసిందెవరు?"

"అదే నాన్నని అడుగుతాను. అయిదు నిమిషాలు ఇవ్వండి మేడం."

అబ్రహాం వెనకగదిలో బల్లమీద కూచుని ఉన్నాడు. ఒక్క రాత్రికే గడ్డం తెల్లగా మాసింది. కూతుర్ని చూసి లేవబోయి, మళ్ళీ కూచున్నాడు.

"నానమ్మ కన్ను తడవనిస్తన్నాదా?"

"లేదు. నాన్నా, శుక్రవారం తాళంచెవి ఎవులికిచ్చినావు?"

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఎవులికీ ఇవ్వలేదు. నా జేబులోనే ఉన్నాది."

"నీ జేబులో ఉంటే శ్రీకాకుళంలో ఉన్నట్టు. మరి రాముడు మావ లోపలికెలాగ ఎల్లాడు? గోడల్లోంచి దూరినాడేటి?"

అబ్రహాం గోడవైపు తిరిగాడు.

"నాన్నా, నాలుగింటికి తీసుకెల్పోతారు."

"తీసుకెల్లనీ."

"నానేటి సెయ్యాలి? నానమ్మ ఏటి సెయ్యాలి? ఊళ్ళో మా మొహాన ఎవులూ మంచినీల్లు పొయ్యట్లేదు!"

అబ్రహాం ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. సున్నితంగా కాదు, గట్టిగా, నొప్పి పుట్టేలా. "పద్దూ, ఎతక్కు. నా మాట ఇను. నువ్వు ఎతికితే దొరుకుతాది. దొరికితే ఇంకా సెడ్డగా ఉంటాది. ఇంటికెల్లి సదువుకో."

నాన్నకి తెలుసు. దొంగెవరో నాన్నకి తెలుసు. చెప్పకూడదనే కూచున్నాడు. ఒక పేరు పద్మజ మనసు దాకా వచ్చింది. దాన్ని ఆమె లోపలికి రానివ్వలేదు.

బయటికొచ్చేసరికి ఎస్సై ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. "కానిస్టేబుళ్ళంతా బందోబస్తుకి వెళ్ళారు, రెండున్నరకి గానీ రారు," అని ఫోను పెట్టేసి పద్మజవైపు తిరిగింది. "ఆ రాముడెక్కడున్నాడు?"

"కోటబొమ్మాళిలో మేడం. కళ్యాణమండపానికి సున్నం కొడతన్నాడు. ఫోను లేదు."

ఎస్సై కాగితం మీద నంబరు రాసి ఇచ్చింది. "ఇది నా సొంత నంబరు. వాణ్ణి పట్టుకుని నాతో మాట్లాడించు. శుక్రవారం తలుపు తీసిందెవరో వాడి నోటితో వినాలి. నాలుగు దాటితే నా చేతిలో ఏమీ ఉండదు."

నానమ్మ బటన్ల ఫోను పద్మజ గౌను జేబులో ఉంది. నంబరు అందులో ఎక్కించుకుంటూ గేటు దాటింది. అంతలో మొహానికి ఎదురుగా ఇంకో ఫోను వచ్చి ఆగింది.

"చూస్తున్నారు కదా, ఈ పాపే నిందితుడి కూతురు!"

మురళీమోహన్. ఫోనులో వార్తల చానలు నడుపుతాడు. నిన్న సాయంత్రం 'ప్రభువునే అమ్ముకున్న కాపలాదారు' అని వీడియో పెట్టింది అతనే. ఊరు ఊరంతా ఆ వీడియో చూసే రెచ్చిపోయింది.

"పాపా, బొమ్మని ఎవరికి అమ్మాడో మీ నాన్న నీతో చెప్పాడా?"

"మా నాన్న అమ్మలేదు. నువ్వు సూసినావేటి?"

"నేను చూడక్కర్లేదమ్మా. చూసినవాళ్ళు పద్నాలుగు మంది. అందులో నువ్వూ ఉన్నావు. నీ స్టేట్‌మెంట్ చదవమంటావా? 'శనివారం ఆరింటికి ఉంది, నేను చూశాను.' నీ మాటేనా?"

పద్మజకి చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"ఏం, మాట్లాడవే?"

"అది తప్పు!" దేవేంద్ర మధ్యలోకి దూకాడు. కోపంతో అతని చెవులు ఎర్రబడ్డాయి. "బొమ్మ శుక్రవారమే పోయింది. నీకేటి తెలుసు? సున్నం కొట్టిన రాముడు మావకి అన్నీ తెలుసు. కోటబొమ్మాళి కళ్యాణమండపంలో ఉన్నాడు. ఇప్పుడే ఎల్తన్నాం. వాణ్ణి తెచ్చి నీ మొకాన నిలబెడతాం, సూడు!"

పద్మజ అతని చొక్కా పట్టి లాగింది. ఆలస్యమైపోయింది. మురళీమోహన్ నవ్వుతూ ఫోను తనవైపు తిప్పుకున్నాడు.

"విన్నారుగా! కేసులో కొత్త మలుపు. లైవ్‌లో ఉన్న ఆరువందల మందికీ..."

"ఆపెయ్," అంది పద్మజ. "నీకు దండం పెడతాను, అది తీసెయ్. దొంగ సూస్తే పారిపోతాడు."

"దొంగ లోపలున్నాడు కదమ్మా," అన్నాడు అతను.

*

టెక్కలి వెళ్ళే ఆటో నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. టెక్కలిలో ఇంకో ఆటో. దారిలో దేవేంద్ర ఒక్కసారి, "నన్ను కొట్టు పద్మా," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కోటబొమ్మాళిలో దిగేసరికి ఒంటిగంటా యాభై.

రాముడు కళ్యాణమండపం పక్కగోడ దగ్గర నిచ్చెన మీద ఉన్నాడు. కనురెప్పల మీద కూడా సున్నం. కింద పిల్లల్ని చూసి కుంచె బకెట్లో పెట్టాడు.

"నువ్వు అబ్రహాం కూతురివి గదా? ఇంత ఎండలో ఏటమ్మా ఇలాగొచ్చినారు?"

శనివారం పొద్దుట్నుంచీ ఇక్కడే పని, ఇక్కడే పడక. ఊళ్ళో ఏం జరిగిందో అతనికి తెలీదు. పద్మజ చెప్పలేదు. చెబితే భయపడతాడు. భయపడినవాడు గుర్తున్నది కూడా మర్చిపోతాడు.

"మావా, శుక్రవారం వేదిక ఎనకాల గోడకాడికి ఎన్నింటికొచ్చినావు?"

"పదకొండు దాటుంటాది. టీ తాగినాక."

"అప్పటికి బొమ్మ గోడమీద ఉన్నాదా?"

"ఎందుకుంటాది? నానే గదేటి దింపినాను!"

దేవేంద్ర చేతిలో పెన్ను ఆగిపోయింది.

"నువ్వొక్కడివేనా?" అంది పద్మజ.

"ఓలమ్మ, ఆ బరువు ఒక్కడి వల్ల అవుతాదేటి? ఇద్దరం పట్టినాం. సెద పట్టింది, రిపేరుకి పంపతన్నాం అన్నాడు. దుప్పట్లోంచి తీసి టార్పాలిన్ సుట్టి, ట్రాలీ ఆటోలో పెట్టినాం. బొమ్మ మళ్ళీ ఎట్టే చోట సున్నం వద్దు, సుట్టూ కొట్టు అన్నాడు. సాయంత్రం గోడ ఆరినాక ఆ దుప్పటి మళ్ళీ కొక్కేలకి తగిలించు మావా, ఉత్త గోడ సూస్తే ముసలోళ్ళు గోల సేస్తారు అన్నాడు. తగిలించినాను. తప్పేటైనా అయ్యిందా?"

"అన్నదెవులు మావా?"

రాముడు ఆమె భుజం మీదుగా గేటువైపు చూశాడు. మొహం విప్పారింది.

"అడుగో, ఆయనే వస్తన్నాడు గదా. మీ సిన్నాన్న."

బండి వచ్చి ఆగింది. స్టాన్లీ హెల్మెట్ కూడా పెట్టుకోలేదు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

"పద్దూ, నీ కోసం ఊరంతా తిరిగినాను. ఎవులికీ సెప్పకండా ఇంత దూరం ఒస్తారేటి? ఎక్కు, ఎల్పోదాం."

పద్మజ కదల్లేదు. స్టాన్లీ చూపు ఆమెమీంచి రాముడి మీదికి, రాముడి మీంచి దేవేంద్ర పుస్తకం మీదికి పోయింది. అతని చెయ్యి బండి హాండిల్ మీద జారిపోయింది.

"పొద్దున్న మమ్మల్ని చర్చికాడ దింపినావు," అంది పద్మజ. "స్టేషనుకి నాన్నకి ఇడ్లీలు పట్టుకెల్లావు. నానమ్మ కంట్లో నువ్వే మందేసినావు."

"పద్దూ..."

"నాన్నకి తెలుసు గదూ?"

స్టాన్లీ గోడవారగా గొంతుక్కూచున్నాడు. ఇరవై నాలుగేళ్ళ మనిషి, బడి పిల్లాడిలా మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. "దుప్పటి లాగినప్పుడే తెలిసిపోయింది. శుక్రవారం తాళంచెవి ఇచ్చింది నాకే గదా. తిన్నగా నా కాడికొచ్చి, 'సాయంత్రానికల్లా తెచ్చెట్టేరా, నాను ఎవులికీ సెప్పను' అన్నాడు. ఈలోగా పాస్టరయ్య పోలీసులకి ఫోన్ సేసేసినారు."

"తేలేదేం?"

"భయమేసింది. భీమిలి కాడ ఒకాయన పెద్ద హోటలు కడతన్నాడు. బొమ్మ తెచ్చిస్తే అక్కడ మేనేజరు ఉద్యోగం ఇస్తానన్నాడు. ఈ కాళ్ళు సూడే!" చెప్పు తీసి పాదం చూపించాడు. ఉప్పు తిన్న పాదం, మడమ నుంచి వేళ్ళదాకా పగుళ్ళు, పగుళ్ళలో ఎర్రటి మాంసం. "ఎనిమిదేళ్ళు. ఇంక నిలబడలేకపోతన్నాను. అన్నయ్యకి బెయిల్ వచ్చేస్తాది, రెండు రోజుల్లో అంతా మర్చిపోతారు అనుకున్నాను."

పద్మజకి ఆ పాదం చూసి జాలి పడాలో, దానిమీద ఉమ్మాలో తెలీలేదు. నాన్న మాట ఇప్పుడర్థమైంది. నాన్నని బయటికి తేవాలంటే ఈయన్ని లోపలికి పంపాలి. అది ఇష్టంలేకే నాన్న తనే లోపల కూచున్నాడు.

"బొమ్మెక్కడ?"

"యార్డులో. ఉప్పు బస్తాల కింద. సాయంత్రం అయిదింటి లారీకి..."

అతని ఫోను మోగింది. విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. ఫోను చెవి దగ్గరే ఉండిపోయింది.

"బయల్దేరిపోయింది. ఎవడో ఫోనులో లైవ్ పెట్టినాడంట గదా, నానూ అది సూసే వచ్చినాను. ఆయనా సూసినాడు. మనిషిని పంపించి, లారీ ముందే తీయించేసినాడు. ఒంటిగంటా నలభైకి యార్డు దాటింది."

దేవేంద్ర తలదించుకున్నాడు.

పద్మజ గబగబా లెక్క వేసింది. ఇప్పుడు రెండూ అయిదు. నౌపడ నుంచి టెక్కలి, టెక్కలి నుంచి పెద్ద రోడ్డు. విశాఖపట్నం వెళ్ళాలంటే కోటబొమ్మాళి కూడలి దాటాల్సిందే. పది పదిహేను నిమిషాల్లో దాటుతుంది. దాటిందంటే మళ్ళీ దొరకదు. బొమ్మ లేకపోతే రాముడి మాటకి, స్టాన్లీ మాటకి సాక్ష్యం గోడమీద సున్నం చుక్కలే.

ఎస్సైకి ఫోను చేసింది. రాముణ్ణి ఒక నిమిషం మాట్లాడించింది. తర్వాత లారీ సంగతి చెప్పింది.

"నేను ఇప్పుడే బయల్దేరుతున్నాను, పాతిక నిమిషాలు పడుతుంది," అంది ఎస్సై. "నువ్వు అక్కడే ఉండు. రోడ్డు మీదికి వెళ్ళకు. వింటున్నావా?"

పద్మజ వింది. విని, ఫోను జేబులో పెట్టేసింది.

"దేవా, రాముడు మావని ఆటోలో స్టేషనుకి తీసుకెల్లు. మావ నీ పక్కనించి కదలకూడదు."

"నువ్వు?"

"లారీని గుర్తుపట్టేది సిన్నాన్న ఒక్కడే." ఆమె స్టాన్లీ ముందు నిలబడింది. "లెగు."

"వద్దే పద్మా!" దేవేంద్ర అరిచాడు. "ఆయన దొంగే! ఎటో తీసుకెల్పోతాడు!"

అదే భయం ఆమెకీ ఉంది. అయినా బండెక్కింది.

*

రెండూ ఇరవైకి ఇద్దరూ పెద్ద రోడ్డు పక్కన ఉన్నారు. ఎండకి తారు మెరుస్తోంది. కార్లు, బస్సులు, ట్యాంకర్లు. స్టాన్లీ కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. రెండు ఉప్పు లారీలు వెళ్ళాయి. రెండుసార్లూ తల ఊపాడు, కాదని. పద్మజ అతని మొహాన్ని చూస్తోంది. అబద్ధం చెబితే తనకి తెలుస్తుందా? రెండ్రోజులు చెప్పాడు. తెలిసిందా?

రెండూ ఇరవై ఆరు.

"అదే," అన్నాడు స్టాన్లీ. "ఎర్ర కాబిన్. నువ్వు ఆ రాయి ఎనక్కి ఎల్లు. నాను సెప్పేదాకా రాకు."

"ఏటి సేస్తావు?"

"డ్రైవరు నాకు తెలిసినోడే. నన్ను సూస్తే ఆపుతాడు."

బండిని రోడ్డు మధ్యకి తోసుకుపోయి అడ్డంగా నిలబెట్టాడు. దాని ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. వెనక ఏదో కారు కీచుమని ఆగింది. లారీ హారన్ మొదలైంది, ఆగకుండా. డ్రైవరు మొహం అద్దంలోంచి కనిపిస్తోంది, నోరు తెరిచి. పక్కనుంచి ఒక తెల్లచొక్కా చెయ్యి స్టీరింగ్ మీదికి చాచుకొచ్చింది.

లారీ వేగం తగ్గినట్టే తగ్గి, ఒక్కసారి పక్కకి తిరిగింది.

"సిన్నాన్నా!"

లారీ వెనకభాగం బండికి కొట్టుకుంది. బండి ఎగిరి స్టాన్లీ మీద పడింది. లారీ రోడ్డు దిగి, గట్టు దిగి, పొలంలోకి ఒరిగి నిలిచిపోయింది. బస్తాలు జారి పగిలి ఉప్పు తెల్లగా ఒలికింది.

పద్మజ పరిగెత్తింది. స్టాన్లీ కళ్ళు తెరిచే ఉన్నాయి. బండి కింద కుడికాలు పక్కకి తిరిగిపోయి ఉంది.

"బొమ్మ... బొమ్మ సూడే పద్దూ..."

చూసింది. పగిలిన బస్తాల మధ్య టార్పాలిన్ చిరిగి, ఒక చెక్క అంచు బయటపడింది. దానిమీద ఒక జాలరి మొహం, తుఫానుకి నోరు తెరిచి అరుస్తూ. నాన్న ఇవాళ ఇంటికొస్తాడు. ఆ ఆలోచనకి సంతోషం కలగలేదు. చేతికి అంటుకున్న చిన్నాన్న రక్తం వెచ్చగా ఉంది.

ఫోను తీసింది. ఎస్సై మొదటి రింగుకే ఎత్తింది.

"మేడం, బొమ్మ దొరికింది. మీరు తర్వాత రండి, ముందు అంబులెన్స్ పంపండి. కోటబొమ్మాళి కూడలి దాటినాక, పొలాల కాడ. సిన్నాన్నకి దెబ్బ తగిలింది. బేగి మేడం, బేగి!"

లారీ తలుపు చప్పుడైంది. డ్రైవరు పొలానికి అడ్డంపడి పారిపోతున్నాడు. రెండో వైపునుంచి తెల్లచొక్కా మనిషి, ఆ హోటలాయన పంపినవాడు, దిగాడు. నుదుటిమీంచి రక్తం కారుతోంది, తుడుచుకోలేదు. ముందు బొమ్మ మీద టార్పాలిన్ సరిచేశాడు. తర్వాత పద్మజవైపు రావడం మొదలుపెట్టాడు. చేతిలో చక్రాలు విప్పే ఇనపకడ్డీ ఉంది.

"ఆ ఫోను ఇలా ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. నెమ్మదిగా, ఏదో బుజ్జగిస్తున్నట్టు.

స్టాన్లీ ఆమె గౌను అంచు పట్టుకుని లాగుతున్నాడు. "పారిపో... పద్దూ, పారిపో..."

పారిపోతే చిన్నాన్న ఒక్కడూ ఆ మనిషి ముందు మిగిలిపోతాడు. పద్మజ లేచి స్టాన్లీకి అడ్డంగా నిలబడింది. ఫోను కట్ చెయ్యలేదు. చెవికి మరింత గట్టిగా అదుముకుని, లారీ వెనక నంబరు పలకమీద రాసి ఉన్నది ఎస్సైకి వినపడేలా ఒక్కొక్క అక్షరమే, గొంతు చించుకుని చదవడం మొదలుపెట్టింది.

తెల్లచొక్కా మనిషి నడక ఆపి పరుగందుకున్నాడు.